గేమింగ్‌కి వైర్డ్ మౌస్: చెయ్యి కొలవడం నుంచి సెన్సిటివిటీ సెట్ చేసేదాకా

"అన్నా, 2 వేల లోపు మంచి గేమింగ్ మౌస్ ఒకటి చెప్పు" అని అడిగేవాళ్ళే ఎక్కువ. మోడల్ పేరు చెప్పడం ఈజీనే కానీ దాంతో పనైపోదు. అదే మౌస్ ఒకడి చేతిలో చక్కగా కూర్చుంటది, ఇంకొకడికి గంట ఆడేసరికి మణికట్టు లాగేస్తది. కొన్నాక కూడా విండోస్‌లో సెట్టింగ్ మార్చకుండా, బుడ్డ ప్యాడ్ మీద, బిగుసుకుపోయిన వైరుతో ఆడుతుంటారు, ఎయిమ్ రావట్లేదని ఇంకో మౌస్ కోసం చూస్తుంటారు.

అందుకే కొనడం, పెట్టుకోవడం, సెట్ చేసుకోవడం, రిపేర్లు అన్నీ వరసగా రాస్తున్నా. వాలరెంట్, సీఎస్2 (కౌంటర్ స్ట్రైక్ 2) లాంటి షూటర్లు, అంటే గన్‌తో గురిపెట్టి కాల్చే గేములు ఆడేవాళ్ళని మనసులో పెట్టుకుని రాసింది ఇది, వేరే గేములకి తేడా ఉన్న చోట అక్కడే చెప్తా.

వైర్డే ఎందుకంటే తక్కువ బడ్జెట్‌లో బ్యాటరీకి, రిసీవర్‌కి పోయే డబ్బు సెన్సర్‌కి (మౌస్ కదలికని చదివే భాగం), స్విచ్‌లకి (బటన్ కింద క్లిక్ చేసే భాగం) పోతది. చార్జింగ్ గోల కూడా లేదు.

## 1. ముందు చెయ్యి కొలవండి

స్కేలు తీసుకోండి. వేళ్ళు దగ్గరగా పెట్టి అరచెయ్యి టేబుల్ మీద చాపండి. రెండు కొలతలు కావాలి:

- పొడుగు: మధ్యవేలి కొస నుంచి మణికట్టు దగ్గర మొదటి గీత దాకా
- వెడల్పు: బొటనవేలు వదిలేసి, నాలుగు వేళ్ళ మొదళ్ళ దగ్గర ఈ చివర నుంచి ఆ చివరికి

మౌస్ పొడుగు మీ చెయ్యి పొడుగులో దాదాపు 60 శాతం ఉంటే మొదలుపెట్టడానికి బాగుంటది. 18.5 సెం.మీ. చెయ్యి అయితే 11 సెం.మీ. చుట్టుపక్కల మౌస్. వెడల్పుకీ అదే లెక్క. ఇది అంచనా మాత్రమే, ఒక సెంటీమీటర్ అటూ ఇటూ అయితే ఏం కాదు, కానీ 17 సెం.మీ. చెయ్యికి 12.7 సెం.మీ. ఉండే రేజర్ డెత్ యాడర్ ఎసెన్షియల్ తెచ్చుకుంటే దాన్ని పట్టుకోవడమే ఒక పనవుతది. లాజిటెక్ జీ102 పొడుగు 11.7 సెం.మీ. లోపే, మన దగ్గర ఎక్కువమందికి అది సెట్ అవ్వడానికి సైజు ఒక కారణం.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళు ఇంకోటి చూడాలి. రెండు పక్కలా ఒకేలా ఉన్న షేప్ తీసుకోండి. అందులో కూడా సైడ్ బటన్లు చాలావాటికి ఎడమ పక్కనే ఉంటాయి, అంటే కుడిచేతి బొటనవేలికి అందేలా. ఎడమ చేత్తో పట్టుకుంటే ఆ రెండు బటన్లు లేనట్టే అనుకుని కొనండి.

## 2. మీ పట్టు ఏదో చూసుకోండి

ఇప్పుడున్న మౌస్‌తోనే ఒక మ్యాచ్ ఆడండి, మధ్యలో టెన్షన్‌గా ఉన్నప్పుడు చెయ్యి ఎలా ఉందో చూడండి. ఖాళీగా కూర్చున్నప్పుడు పట్టుకునే తీరు వేరు, గేమ్‌లో వేరు.

- పామ్ గ్రిప్: అరచెయ్యి మొత్తం మౌస్ మీద ఆనుతది, వేళ్ళు చాపి ఉంటాయి. వెనక వీపు ఎత్తుగా, కాస్త పొడుగ్గా ఉన్న మౌస్ కావాలి.
- క్లా గ్రిప్: అరచెయ్యి వెనక భాగం మాత్రమే తగులుతది, వేళ్ళు వంగి కొసలతో క్లిక్ చేస్తారు. మీడియం సైజు చాలు.
- ఫింగర్‌టిప్ గ్రిప్: అరచెయ్యి అసలు తగలదు, వేళ్ళతోనే నడిపిస్తారు. చిన్నది, తేలికది కావాలి.

ఏది గొప్ప అనేది లేదు. అందరూ క్లా పడుతున్నారని మీరు బలవంతంగా మారక్కర్లేదు, మీ పట్టుకి తగ్గ మౌస్ తెచ్చుకోండి అంతే.

## 3. బాక్స్ మీద ఏది చూడాలి, ఏది వదిలెయ్యాలి

డీపీఐ నంబర్ వదిలెయ్యండి. మౌస్ ఒక అంగుళం జరిగితే కంప్యూటర్‌కి ఎన్ని లెక్కలు పంపుతుందో అదే డీపీఐ. షూటర్లు ఆడేవాళ్ళలో చాలామంది వాడేది 400, 800, 1600. కాబట్టి 8000 ఉన్నా 25,000 ఉన్నా మీరు వాడేది ఆ కింద ముక్కే. పేరు లేని చీప్ మౌసుల మీద రాసే పెద్ద డీపీఐలు చాలాసార్లు సెన్సర్ నిజంగా కొలిచేవి కావు, ఉన్న లెక్కనే సాఫ్ట్‌వేర్‌తో గుణించి చూపిస్తారు.

సెన్సర్ పేరు చూడండి. ఆప్టికల్ అయి ఉండాలి. పిక్స్‌ఆర్ట్ 3327, 3360, 3389, 3395 లాంటి పేరు స్పెక్స్‌లో కనిపిస్తే, లేదా లాజిటెక్ హీరో అని ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. సెన్సర్ పేరే ఎక్కడా రాయకుండా లైట్ల గురించి నాలుగు లైన్లు రాశారంటే అది పక్కన పెట్టండి.

పోలింగ్ రేట్ 1000 హెర్ట్జ్ ఉంటే చాలు. మౌస్ సెకనుకి ఎన్నిసార్లు కంప్యూటర్‌కి కబురు పంపుతుందో అది. 125 అయితే 8 మిల్లీసెకన్లకోసారి, 1000 అయితే 1 మిల్లీసెకనుకోసారి, 8000 అయితే 0.125. మీ మానిటర్ 60 హెర్ట్జ్ అయితే ఒక ఫ్రేమ్‌కే 16.7 మిల్లీసెకన్లు పడతది, 144 అయినా 6.9. అందుకని 125 నుంచి 1000కి వస్తే తేడా చేతికి తెలుస్తది, 1000 నుంచి 8000కి వెళ్తే తెలియడం చాలా కష్టం, పైగా పాత ప్రాసెసర్ మీద భారం పడి ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) తగ్గుతది.

బరువు ముఖ్యం. షూటర్లకి 60 నుంచి 90 గ్రాములు హాయిగా ఉంటది. జీ102 85 గ్రాములు, డెత్ యాడర్ ఎసెన్షియల్ 96, వైర్డ్ డెత్ యాడర్ వీ3 59, జీ502 హీరో 121. జీ502 చెడ్డ మౌస్ కాదు, 11 బటన్లున్నాయి, ఎంఎంఓలు (ఆన్‌లైన్‌లో చాలామంది ఒకే లోకంలో కలిసి ఆడేవి), స్ట్రాటజీ గేములు ఆడేవాళ్ళకి చాలా పనికొస్తది. కానీ తక్కువ సెన్సిటివిటీ (మౌస్ ఎక్కువ దూరం జరిపితేనే గేమ్‌లో తిరిగేలా) పెట్టుకుని మ్యాచ్ మొత్తం ఎత్తి దించుతూ ఉంటే ఆ 121 గ్రాములు రాత్రికి మణికట్టులో కనిపిస్తాయి.

కేబుల్. నేనైతే దీన్ని సెన్సర్ తర్వాత రెండో స్థానంలో పెడతా. మెత్తటి బట్టలాంటి అల్లికతో, వేలికి చుడితే సులువుగా వంగేది పారాకార్డ్ తరహా, అది బెస్ట్. మామూలు రబ్బర్ వైరు పర్లేదు. అన్నిటికన్నా ఇబ్బంది గట్టిగా అల్లిన దారం కేబుల్. చూడ్డానికి దిట్టంగా ఉంటది కానీ వంచిన చోటే మడత పడిపోయి, ప్యాడ్ అంచుకి రాసుకుంటూ మౌస్‌ని వెనక్కి లాగుతది.

స్విచ్‌లు. ఆప్టికల్ స్విచ్ (వెలుతురుతో క్లిక్‌ని గుర్తుపట్టేది) అయితే డబుల్ క్లిక్ రోగం, అంటే ఒకసారి నొక్కితే రెండు క్లిక్‌లు పడటం రాదు. మెకానికల్ అయితే కొన్నాళ్ళకి రావచ్చు, అందుకే వారంటీ చూసుకోవాలి.

లైట్లు మీ ఇష్టం.

## 4. కొనేటప్పుడు

కుదిరితే చేత్తో పట్టుకుని చూశాకే కొనండి. సికింద్రాబాద్ చుట్టుపక్కల వాళ్ళయితే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీకి వెళ్ళండి, షాపులన్నీ ఒకే చోట, డెమో పీసులు అడిగితే చూపిస్తారు. ఆన్‌లైన్‌లో కొన్నా ముందు అదే మోడల్ ఫ్రెండ్ దగ్గరో గేమింగ్ కేఫ్‌లోనో ఒకసారి పట్టుకోండి.

చేతిలోకి తీసుకున్నాక చెక్ చెయ్యాల్సినవి:

- వేళ్ళ కొసలు బటన్ ముందు అంచు దాటి కిందికి జారట్లేదా
- పట్టు మార్చకుండానే బొటనవేలు రెండు సైడ్ బటన్లకీ అందుతోందా
- మౌస్ ఎత్తినప్పుడు పొరపాటున సైడ్ బటన్ నొక్కుకుంటోందా
- కొంచెం ఊపితే లోపల టకటక శబ్దం వస్తోందా (వీల్ దగ్గర కొంచెం కదలడం మామూలే)
- ఎడమ క్లిక్ అన్ని చోట్లా ఒకేలా పడుతోందా, పక్కకి ఊగుతోందా

బాక్స్ విషయంలో:

- ఎంఆర్‌పీ, దిగుమతి చేసినవాళ్ళ పేరు అడ్రస్, కస్టమర్ కేర్ నంబర్ ఉన్న లేబుల్ ఉండాలి, అవి లేకపోతే వారంటీ ఆశలు వదులుకోవాలి
- బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి
- ఇంటికి రాగానే కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసి మౌస్‌ని గుర్తుపడుతోందో లేదో చూడండి. డూప్లికేట్లు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. రిటర్న్ గడువు అయిపోకముందే ఇది చెయ్యాలి.

బడ్జెట్ గురించి ఒక మాట. చేతిలో 2 వేలు ఉంటే మొత్తం మౌస్‌కే పెట్టెయ్యకండి, ఒక నాలుగైదు వందలు పెద్ద ప్యాడ్‌కి ఉంచండి. ఎందుకో 7లో లెక్కతో సహా చూపిస్తా.

## 5. టేబుల్, ప్యాడ్, వైరు

వరస ఇది:

1. మౌస్ అడుగున పాదాల (జారడానికి అతికించిన నున్నటి ముక్కలు) మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉందేమో చూసి తీసెయ్యండి. నెలల తరబడి దాంతోనే ఆడేవాళ్ళున్నారు.
2. బట్ట ప్యాడ్ పరచండి, వెడల్పు 40 సెం.మీ. అయినా ఉండాలి. అద్దం టేబుల్ మీద నేరుగా ఆప్టికల్ సెన్సర్ సరిగ్గా పనిచెయ్యదు.
3. డెస్క్‌టాప్ అయితే వెనక మదర్‌బోర్డ్ మీద ఉన్న యూఎస్‌బీ పోర్ట్‌కి పెట్టండి. హార్డ్‌డిస్క్, పెన్‌డ్రైవ్ ఉన్న హబ్‌లో పెట్టకండి.
4. వైరు మడతలన్నీ విప్పి, ఎటు వంగి ఉందో దానికి ఎదురు దిక్కుగా వదులుగా చుట్టి ఒక రాత్రి వదిలెయ్యండి. వేడి చెయ్యకండి, లోపలి తీగలు పాడవుతాయి.
5. వైరుని ప్యాడ్ వెనక టేప్‌తోనో, మానిటర్ స్టాండ్‌కి క్లిప్‌తోనో ఆపండి. మౌస్ బంజీ (వైరుని పైకెత్తి పట్టుకునే చిన్న స్టాండ్) ఉంటే ఇంకా మంచిది. మౌస్‌ని ప్యాడ్ నాలుగు మూలలకీ తీసుకెళ్ళి చూడండి, ఏ మూలలోనూ వైరు లాగకూడదు, అలాగని ప్యాడ్ మీద పాములా పడి ఉండకూడదు.

వైరు బరువుకి మౌస్ దానంతటదే కొంచెం జరుగుతుంటే టేబుల్ వెనక వేలాడే భాగం ఎక్కువైందని అర్థం, అక్కడ ఇంకో టేప్ ముక్క వెయ్యండి.

కుర్చీ ఎత్తు కూడా ఇప్పుడే చూసుకోండి. మోచెయ్యి టేబుల్ ఎత్తులో ఉండాలి, మణికట్టు పైకి విరిగినట్టు ఉండకూడదు. హాస్టల్ గదుల్లో చిన్న టేబుల్ ఉంటే కీబోర్డ్‌ని ఏటవాలుగా తిప్పి మౌస్‌కి చోటు చెయ్యండి.

## 6. విండోస్‌లో మార్చాల్సినవి

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ అండ్ డివైజెస్‌లో మౌస్ అనే చోటికి వెళ్ళండి.

- ఎన్హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ ఆఫ్ చెయ్యండి. పేరులో ప్రెసిషన్ ఉంది కానీ అది యాక్సిలరేషన్. చెయ్యి ఎంత వేగంగా జరిపితే పాయింటర్ అంత ఎక్కువ దూరం పోతది, అంటే అంతే దూరం జరిపినా ప్రతిసారీ వేరే చోట ఆగుతది, ఇక చేతికి అలవాటు ఎలా అవుతది.
- పాయింటర్ స్పీడ్ నడిమధ్యలో పెట్టండి.
- మౌస్ సాఫ్ట్‌వేర్‌లో పోలింగ్ 1000 పెట్టండి, పీసీ బాగా పాతదై గేమ్ ఆగుతుంటే 500.
- యాంగిల్ స్నాపింగ్ ఆఫ్. అది మీ చేతి కదలికని బలవంతంగా తిన్నటి గీతలా మార్చేస్తది.
- మౌస్‌లోనే మెమరీ ఉంటే సెట్టింగ్స్ అందులో సేవ్ చెయ్యండి, వేరే పీసీకి పెట్టినా అవే వస్తాయి.

సీఎస్2, వాలరెంట్ లాంటివి మౌస్ లెక్కని నేరుగా తీసుకుంటాయి కదా, ఇదంతా ఎందుకు అంటారు కొందరు. నిజమే, కానీ అన్ని గేములూ అలా ఉండవు, పైగా డెస్క్‌టాప్ మీద ఒక తీరు, గేమ్‌లో ఇంకో తీరు ఉంటే చెయ్యి తికమక పడతది.

సాఫ్ట్‌వేర్ లేని మౌస్‌లో డీపీఐ ఎంత ఉందో తెలుసుకోవడం ఇలా: పై లిస్ట్‌లో మొదటి రెండు సెట్టింగ్‌లు పెట్టాక, 1920 పిక్సెళ్ళ వెడల్పు స్క్రీన్‌లో పాయింటర్‌ని ఎడమ అంచు నుంచి కుడి అంచుకి నిదానంగా తీసుకెళ్ళి మౌస్ ఎంత జరిగిందో స్కేలుతో కొలవండి. 6 సెం.మీ. అయితే 800, 12 అయితే 400, 3 అయితే 1600.

## 7. డీపీఐ, సెన్సిటివిటీ: ఇక్కడ టైమ్ పెట్టండి

డీపీఐ 800 పెట్టేసి మర్చిపోండి. ఇక మార్చేది గేమ్‌లో సెన్సిటివిటీ మాత్రమే.

డీపీఐని సెన్సిటివిటీతో గుణిస్తే వచ్చేది ఈడీపీఐ. 800 డీపీఐ, వాలరెంట్‌లో 0.35 అంటే 280. ఇంకొకరు 1600 డీపీఐలో 0.175 వాడుతుంటే అది కూడా 280, ఇద్దరిదీ ఒకటే వేగం. అందుకే ఎవరి సెన్సిటివిటీ అయినా కాపీ కొట్టేముందు వాళ్ళ డీపీఐ అడగాలి.

ఇప్పుడు అసలు లెక్క. గేమ్‌లో ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్ ఎంత దూరం జరగాలి అన్నది చూడండి. వాలరెంట్‌లో 280 ఈడీపీఐకి అది దాదాపు 47 సెం.మీ. వెనక్కి తిరగాలంటే సగం, 23.5 సెం.మీ. మీ ప్యాడ్ 24 సెం.మీ. వెడల్పున్న చిన్నదైతే, మౌస్ మధ్యలో ఉన్నప్పుడు ఒక పక్కకి 12 సెం.మీ. కూడా లేదు, వెనక నుంచి కొట్టేవాడి వైపు తిరిగేలోపు మౌస్ ఎత్తి మళ్ళీ పెట్టాలి, ఆ లోపు చచ్చిపోతారు. ప్రో ప్లేయర్ సెట్టింగ్ పెట్టుకున్నా ఆడలేకపోవడానికి చాలామందికి ఇదే కారణం. ఆ 400 రూపాయల ప్యాడ్ పని ఇక్కడ.

పెద్ద ప్యాడ్‌కి చోటే లేదంటే ఈడీపీఐ 400కి పెంచండి, పూర్తి చుట్టు 33 సెం.మీ.కి తగ్గుతది, వెనక్కి తిరగడానికి 16 చాలు.

సెట్ చేసే పద్ధతి:

1. వాలరెంట్‌లో 280 దగ్గర మొదలుపెట్టి ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్ళండి.
2. గోడ మీద ఒక గుర్తు చూసుకుని, ఒక్క ఊపులో వెనక్కి తిరగండి. ప్యాడ్ దాటకుండా వచ్చిందా?
3. ఒక బొమ్మ తల మీద క్రాస్‌హెయిర్ (స్క్రీన్ మధ్యలో ఉండే గురి గుర్తు) పెట్టి, పక్కకి నడుస్తూ అక్కడే ఉంచండి. తల దాటిపోయి వణుకుతుంటే సెన్సిటివిటీ ఎక్కువ, వెనకబడుతుంటే తక్కువ.
4. మారిస్తే 10 శాతం చొప్పున మాత్రమే మార్చండి, 0.35 నుంచి 0.32 అలా.
5. కుదిరాక రెండు వారాలు ముట్టుకోకండి. ఒక్క మ్యాచ్ ఓడిపోగానే మార్చేస్తే చెయ్యికి ఏ లెక్కా ఎక్కదు.

వాలరెంట్ నుంచి సీఎస్2కి వెళ్తే అదే డీపీఐలో సెన్సిటివిటీని 3.18తో గుణించండి, 0.35 అక్కడ 1.11 అవుతది. అటు నుంచి ఇటు వస్తే 3.18తో భాగించండి. స్కోప్ సెన్సిటివిటీ (గన్ స్కోప్‌లోంచి చూసేటప్పటిది) మొదట్లో 1 దగ్గరే ఉంచండి.

లిఫ్ట్ ఆఫ్ డిస్టెన్స్ కూడా ఒకసారి చూసుకోండి, అంటే మౌస్ ఎంత ఎత్తు లేచాక సెన్సర్ చదవడం ఆపుతుందో అది. ఏటీఎం కార్డు సైజు పాత కార్డులు నాలుగు తీసుకోండి, ఒక్కోటి 0.76 మి.మీ. మందం. ముందు పాదాల కింద ఒకదాని మీద ఒకటి రెండు, వెనక పాదాల కింద అలాగే రెండు పెట్టండి, సెన్సర్ కింద మాత్రం ఖాళీ ఉండాలి. అలా 1.5 మి.మీ. ఎత్తులో మౌస్ కదిపినా పాయింటర్ కదలకపోతే చాలా బాగున్నట్టు. కదిలితే సాఫ్ట్‌వేర్‌లో తగ్గించే ఆప్షన్ ఉందేమో చూడండి.

బటన్ల విషయానికొస్తే సైడ్ బటన్లకి రోజూ వాడే పని ఒకటీ రెండూ ఇవ్వండి, వాయిస్ చాట్, పింగ్ (టీమ్‌కి ఒక చోటు గుర్తుపెట్టి చూపించడం) లాంటివి. కాల్చేటప్పుడు గన్ పైకి ఎగరడాన్ని (రీకాయిల్) దానంతటదే కిందికి లాగే మాక్రోలు, అంటే బటన్‌కి ముందే రాసిపెట్టే ఆటోమేటిక్ కదలికలు మాత్రం పెట్టకండి. పోటీ గేముల్లో అది చీటింగే, అకౌంట్ పోతది. సీఎస్2లో దాన్ని తయారుచేసిన వాల్వ్ కంపెనీ 2024 ఆగస్టులో, ఒక్క నొక్కుతో ఆటోమేటిక్‌గా కదలికలు చేసే కీబోర్డ్ ఫీచర్లని కూడా నిషేధించింది.

## 8. వచ్చే సమస్యలు, చెయ్యాల్సినవి

పాయింటర్ ఉన్నట్టుండి ఒక సెకను ఆగిపోతోంది. ముందు పోర్ట్ మార్చండి. తగ్గకపోతే పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆఫ్ చెయ్యండి. అయినా ఉంటే మౌస్‌లోకి వైరు వెళ్ళే చోట పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచండి, వంచినప్పుడు మాత్రమే కట్ అవుతుంటే లోపల తీగ తెగింది. ఆడటం అయ్యాక వైరుని మౌస్ చుట్టూ బిగించి చుట్టేవాళ్ళకి ఇదే చోట తెగుతది, వదులుగా చుట్టండి.

పాయింటర్ వణుకుతోంది, లేదా దూకుతోంది. సెన్సర్ గుంటలో వెంట్రుకో దుమ్మో ఉంటది. బ్లోయర్‌తో ఊదండి, పోకపోతే పొడి ఇయర్ బడ్ మెల్లగా తిప్పండి. బొమ్మలు ఎక్కువున్న మెరిసే ప్యాడ్ వాడుతుంటే ఒకసారి మామూలు నల్ల బట్ట ప్యాడ్ మీద చూడండి.

మౌస్ బరువుగా, మొండిగా జరుగుతోంది. పాదాల అంచుల్లో నల్లగా పేరుకున్న మురికి తుడవండి. అరిగిపోతే కొత్త పాదాలు దొరుకుతాయి, టెఫ్లాన్‌వి తీసుకోండి, మీ మోడల్ పేరుతోనే వెతకాలి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉక్కపోతకి బట్ట ప్యాడ్ తేమ పీల్చి కూడా ఇలా అవుతది. గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు పెట్టి కడిగి, పిండకుండా నీడలో పూర్తిగా ఆరనివ్వండి. చెయ్యి చెమటకి అంటుకుంటుంటే ఆర్మ్ స్లీవ్ వేసుకుంటే సరిపోతది.

మణికట్టు నొప్పి. సెన్సిటివిటీ ఎక్కువై మొత్తం పని మణికట్టుతోనే చేస్తున్నారేమో చూడండి. పెద్ద కదలికలు మోచేతి నుంచి రావాలి. మౌస్‌ని బిగించి పట్టుకునే అలవాటు ఉంటే రౌండ్‌కి రౌండ్‌కి మధ్య చెయ్యి తీసి వేళ్ళు చాపండి. తిమ్మిర్లు, రాత్రిపూట నొప్పి మొదలైతే ఆట ఆపి డాక్టర్‌కి చూపించండి, మౌస్ మారిస్తే పోయేది కాదది.

స్క్రోల్ కిందికి తిప్పితే పైకి ఎగురుతోంది. వీల్ పక్క సందులోంచి గాలి ఊది, రెండు వైపులా గబగబా కొన్నిసార్లు తిప్పండి. మళ్ళీ వస్తే ఎన్‌కోడర్ (వీల్ తిరగడాన్ని లెక్కపెట్టే భాగం) అరిగినట్టు.

ఒకసారి నొక్కితే రెండు క్లిక్‌లు పడుతున్నాయి. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌ని నిదానంగా ఒక్కొక్కసారి నొక్కండి, మధ్యలో అది తెరుచుకుంటే మెకానికల్ స్విచ్ లోపలి రేకు అరిగింది. సాఫ్ట్‌వేర్‌లో డీబౌన్స్ టైమ్ (ఒక క్లిక్ తర్వాత ఇంకో క్లిక్‌ని పట్టించుకోకుండా ఆగే సమయం) ఉంటే కొంచెం పెంచండి, కొన్నాళ్ళు నడుస్తది. వారంటీ ఉంటే మాత్రం విప్పకండి. ఎక్కువ మౌసుల్లో స్క్రూలు పాదాల కింద ఉంటాయి, పాదం ఊడదీసి ఉంటే సర్వీస్ సెంటర్‌లో అడ్డం చెప్పొచ్చు. డబుల్ క్లిక్ పడుతుండగా వీడియో తీసుకుని, సీరియల్ నంబర్ ఫొటో, బిల్లు కలిపి కంపెనీ సపోర్ట్‌కి పంపండి. వారంటీ అయిపోతే మంచి సోల్డరింగ్ చేసే మొబైల్ రిపేర్ షాపులో కొత్త స్విచ్ వేయించుకోవచ్చు, ఎడమది మారుస్తున్నప్పుడే కుడిది కూడా మార్పించండి, లేకపోతే రెండు క్లిక్‌ల గట్టితనం వేరువేరుగా ఉంటది.